టీఎస్‌హెచ్ తగ్గిందని మాత్ర తగ్గించారు, ఎవరి మాట వినాలి?

ఈ వారం ఉత్తరం ప్రకాశం జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి వచ్చింది. నాలుగు పేజీల ఉత్తరం, దానితో పాటు ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు. పేరు, ఊరు రాయవద్దని కోరారు. వయసు 34. తొమ్మిదేళ్ల కిందట కాన్పులో మాయ పూర్తిగా పడక రక్తస్రావం ఆగలేదు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. పాప దక్కింది, ఈమె బతికి బయటపడ్డారు. కానీ పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. “పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యమవుతుందంటారు. నాకు పాలే లేవు. మరి నెలసరి ఎందుకు రావడం లేదని అప్పట్లో ఒక్కరూ అడగలేదు” అని రాసి, ఆ వాక్యం కింద గీత గీశారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు చలి, నీరసం, మలబద్ధకం. మే నెలలో దుప్పటి కప్పుకుని పడుకునేవారట. గొంతు బొంగురుపోయింది, కనుబొమలు పల్చబడ్డాయి. అత్తగారు “మా కోడలికి ఒళ్లు వంగదు” అని ఇరుగుపొరుగుతో అనేవారు. థైరాయిడ్ పరీక్ష రెండుసార్లు చేయించారు. రెండుసార్లూ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథికి పని చెప్పే హార్మోను) 2 దగ్గరే ఉంది. “నార్మల్” అన్నారు, రక్తహీనత ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు.

గత ఏడాది వేసవిలో వాంతులు, విరేచనాలు పట్టుకుని స్పృహ తప్పారు. విజయవాడ తీసుకువెళ్లారు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, బాగా పడిపోయి 118. ఒళ్లు జబ్బును తట్టుకోవడానికి కావాల్సిన కార్టిసాల్ హార్మోను ఉదయం తీసిన రక్తంలో 1.8 మాత్రమే. ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను, 0.4 (అక్కడి ల్యాబ్ లెక్కలో 0.8 నుంచి 1.8 వరకు ఉండాలి), టీఎస్‌హెచ్ మాత్రం 2.1. తల ఎంఆర్‌ఐ తీస్తే పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ, ఉండాల్సిన ఎముక గూడు దాదాపు ఖాళీగా కనిపించింది. కాన్పులో రక్తస్రావం వల్ల ఆ గ్రంథి దెబ్బతిన్నదని, దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారని ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల డాక్టరు) చెప్పారు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఉదయం 10, మధ్యాహ్నం 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. వారం తర్వాత థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) 50 మైక్రోగ్రాములు చేర్చి, నిదానంగా 100కు తెచ్చారు. నాలుగు నెలల్లో “మళ్లీ మనిషినయ్యాను” అంటారు ఈమె. అప్పటి రిపోర్టులో ఫ్రీ టీ4 1.3, టీఎస్‌హెచ్ 0.05. ఆ డాక్టరు ఇదే మోతాదు కొనసాగించమని రాశారు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఊళ్లో వీరి కుటుంబాన్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్న డాక్టరు గారు, మామగారికి స్నేహితుడు కూడా, దగ్గుకు మందు రాస్తూ పనిలో పనిగా టీఎస్‌హెచ్ ఒక్కటి చేయించారు. 0.03 వచ్చింది. “మోతాదు మరీ ఎక్కువైంది, గుండె దెబ్బతింటుంది” అని థైరాక్సిన్‌ను 25కు దించారు. ఏడు వారాలైంది. చలి తిరిగి వచ్చింది, కళ్ల కింద వాపు, పగలంతా నిద్ర. నాడి 58. ఈలోగా పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్న వదిన గారు (భర్త అక్క) “స్టెరాయిడ్ వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు కరుగుతాయి” అని హెచ్చరించారు. మూడు కిలోల బరువు పెరిగిన భయం ఎలాగూ ఉంది. మధ్యాహ్నం వేసుకునే హైడ్రోకార్టిసోన్ మానేసి మూడు వారాలైంది. జుట్టు రాలుతోందని వదిన గారే ఇచ్చిన మాత్రలు రెండు నెలలుగా వాడుతున్నారు.

“ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబుతున్నారు. రిపోర్టులో టీఎస్‌హెచ్ పక్కన తక్కువ అని గుర్తు వేసి ఉంది కదా, డాక్టరు గారు చెప్పింది నిజమే అంటారు మా వారు. విజయవాడ వెళ్లాలంటే ఒక రోజు కూలి, చార్జీలు పోతాయి. డాక్టరు గారి మాట కాదంటే ఇంట్లో గొడవ. నేనే మళ్లీ 100 వేసుకోనా? మాకు ఇంకో బిడ్డ కలిగే అవకాశం ఉందా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ప్రశ్నలన్నీ థైరాయిడ్ మాత్ర గురించే. నాకు ఎక్కువ భయం కలిగించినది మాత్రం మీరు మూడో పేజీలో ఒకే వాక్యంలో చెప్పి వదిలేసిన మధ్యాహ్నం మాత్ర సంగతి. అందుకని ముందు దాని గురించే చెబుతాను.

కార్టిసాల్ తయారు చేసే మీ ఎడ్రినల్ గ్రంథులు మూత్రపిండాల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటికి పని చెప్పే పీయూష గ్రంథి లేక అవి ఊరికే ఉన్నాయి. అందువల్ల మీ ఒంట్లో కార్టిసాల్ దాదాపు తయారు కాదు. మీరు వేసుకునే హైడ్రోకార్టిసోన్ ఆ కార్టిసాలే. ఆరోగ్యంగా ఉన్న మీ వదిన గారి ఒళ్లు రోజూ తనంతట తాను తయారు చేసుకునేదాన్ని మీరు బయటి నుంచి తెచ్చుకుంటున్నారు, అంతే తేడా. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం ఒంటికి కావాల్సినదానికంటే చాలా ఎక్కువ స్టెరాయిడ్ చాలాకాలం వాడిన వారికి వచ్చే ఇబ్బందులు. రోజుకు 15 మిల్లీగ్రాములు లోటు పూడ్చే మోతాదు. పిట్యూటరీ జబ్బులో పెద్దవారికి మామూలుగా ఇచ్చేది 15 నుంచి 20 మధ్యే. ఆకలి తిరిగి వచ్చి, తిన్నది ఒంటబట్టినప్పుడు మూడు కిలోలు పెరగడం వింతేమీ కాదు.

ఉదయం మాత్ర ప్రభావం కొన్ని గంటల్లో అయిపోతుంది. మధ్యాహ్నం మాత్ర మానేస్తే సాయంత్రం మీ ఒంట్లో కార్టిసాల్ లేనట్టే. మామూలు రోజున అది నీరసంగా కనిపించి ఊరుకోవచ్చు. జ్వరమో వాంతులో వచ్చిన రోజున ఊరుకోదు, కిందటి వేసవిలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. మానేసిన మాత్రను తిరిగి మొదలుపెట్టడానికి మీకు కొత్త చీటీ అక్కర్లేదు, విజయవాడ డాక్టరు రాసిన చీటీ ఇప్పటికీ అదే చెబుతోంది. ఉత్తరంలో చెప్పని మరో కారణంతో మానేసి ఉంటే, కడుపులో మంటో నిద్ర పట్టకపోవడమో, ఆ సంగతి వారికి ఫోను చేసి చెప్పండి. మాత్ర వేసుకునే వేళ ముందుకు జరపవచ్చు, మోతాదు విడదీయవచ్చు. సొంతంగా మానడం మాత్రం వద్దు.

“నేనే మళ్లీ 100 వేసుకోనా” అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. థైరాక్సిన్ ఒంటి పనులన్నిటి వేగం పెంచుతుంది. ఆ వేగంలో కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చవుతుంది. కార్టిసాల్ చాలినంత లేని మనిషికి థైరాక్సిన్ పెంచితే ఉన్న కాస్తా హరించుకుపోయి రక్తపోటు పడిపోవచ్చు. దాన్నే ఎడ్రినల్ క్రైసిస్ అంటారు. ఆసుపత్రిలో మీకు హైడ్రోకార్టిసోన్ ఇచ్చిన వారానికి గాని థైరాక్సిన్ మొదలుపెట్టకపోవడం మరపు వల్ల జరిగింది కాదు. పిట్యూటరీ జబ్బులో వరుస అదే: ముందు స్టెరాయిడ్, తర్వాత థైరాయిడ్. మధ్యాహ్నం మాత్ర మానేసి ఉన్న స్థితిలో థైరాక్సిన్‌ను 25 నుంచి ఒక్కసారిగా 100కు తెచ్చుకుంటే ఆ వరుసను తలకిందులు చేసినట్టవుతుంది.

ఇక ఆ టీఎస్‌హెచ్ అంకె సంగతి. దాన్ని మీ వారికి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా చెప్పండి. అపార్ట్‌మెంట్‌లో మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. నీళ్లు తగ్గితే వాచ్‌మన్ మోటారు వేయమని కేకేస్తాడు, ఎంత తగ్గితే అంత గట్టిగా. ట్యాంకు నిండితే నోరు మూసుకుంటాడు. టీఎస్‌హెచ్ ఆ కేక. కేకేసేది పీయూష గ్రంథి, నీళ్లు థైరాయిడ్ హార్మోను. మీ వదిన గారిలాంటి వారికి చెడింది మోటారు, వాచ్‌మన్ బాగానే ఉన్నాడు. కేక విని నీళ్లెంత ఉన్నాయో చెప్పవచ్చు. మీ ఇంట్లో వాచ్‌మనే లేడు. కేక వినిపించడం లేదు కాబట్టి ట్యాంకు పొంగిపొర్లుతోందని అనుకుంటే ఎలా? మేడెక్కి మూత తీసి చూడాలి. ఆ చూడటమే ఫ్రీ టీ4 పరీక్ష.

అనుమానం ఉంటే మీ పాత రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోండి. స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరిన రోజున మీ ఫ్రీ టీ4 0.4, అంటే ఉండాల్సినదానిలో సగమే. టీఎస్‌హెచ్ 2.1, ముచ్చటైన నార్మల్. థైరాయిడ్ గ్రంథే చెడి ఉంటే ఆ స్థితిలో టీఎస్‌హెచ్ పదుల్లోకి పోయి ఉండేది. పిట్యూటరీ దెబ్బతిన్న వారిలో అది తక్కువగా ఉండవచ్చు, మామూలుగా ఉండవచ్చు, ఒక్కోసారి కాస్త ఎక్కువగా కూడా ఉండవచ్చు. ఏ విధంగా ఉన్నా నమ్మడానికి లేదు. ఎనిమిదేళ్లు మిమ్మల్ని “నార్మల్” అని ఇంటికి పంపించిన అంకె, ఇప్పుడు మీ మాత్రకు కోత పెట్టించింది. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించుకుంటే చవక అనిపించవచ్చు. మీ విషయంలో ఆ డబ్బు దండగే.

100 వేసుకున్నప్పుడు మీ ఫ్రీ టీ4 1.3. పరిధి 0.8 నుంచి 1.8 అయితే సరిగ్గా నడుమ. పిట్యూటరీ జబ్బు ఉన్న వారిలో పరిధిలోని పైసగంలో, లేదా కనీసం మధ్యకు చేరేలా ఉంచాలని ఎండోక్రైనాలజిస్టులు చూస్తారు. బరువు లెక్క వేసినా అంతే. ఈ వయసులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది. మీరు 60 కిలోలు అని రాశారు, అంటే 96. మందుల దుకాణంలో దొరికే మాత్రల్లో దానికి దగ్గరిది 100. ఆ మోతాదులో ఉన్నప్పుడు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఏదీ లేదని మీరే రాశారు. మోతాదు ఎక్కువైందనడానికి ఒక్క ఆనవాలూ నాకు కనిపించలేదు. ఇప్పుడు 25లో నాడి 58, చలి, కళ్ల కింద వాపు అంటున్నారు, ఇవి లోటు ఆనవాళ్లు. అయితే సగం నీరసం మానేసిన హైడ్రోకార్టిసోన్ వల్ల కూడా కావచ్చు. రెండు లోట్లు ఒకదాన్నొకటి కప్పుకుని ఉన్నాయి. అందుకే ముందు మధ్యాహ్నం మాత్ర అంటున్నాను.

మీ ఊరి డాక్టరు గారిని తప్పుపట్టాలని నాకు లేదు. ఆయన రోజూ చూసే థైరాయిడ్ రోగుల్లో దాదాపు అందరికీ చెడింది థైరాయిడ్ గ్రంథే. వారిలో టీఎస్‌హెచ్ 0.03కు పడిపోతే మాత్ర తగ్గించడమే సరైన వైద్యం. తగ్గించకపోతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పల్చబడతాయి. ఆయన చెప్పిన ముప్పు కల్పితం కాదు, మీకు వర్తించదు అంతే. విజయవాడ డిశ్చార్జి సారాంశం ఆయనకు చూపించారా? ఆ మాట ఉత్తరంలో లేదు. చూపించకపోతే ఆయన ముందున్నది దగ్గుతో వచ్చిన ఒక అమ్మాయి, 0.03 అన్న అంకె మాత్రమే.

పైగా ఆయనతో తగవు పెట్టుకోవడం మీకు క్షేమం కాదు. ఈ జబ్బులో అర్ధరాత్రి వాంతులు మొదలైతే మీకు అరగంటలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజక్షన్ పడాలి, సెలైన్ ఎక్కాలి. ఆ సమయానికి విజయవాడలోని స్పెషలిస్టు ఎంత గొప్పవారైనా అందరు. తలుపు తట్టగానే లేచి వచ్చేది ఈయనే. ఆ ఇంజక్షన్ కొత్తదేమీ కాదు, ఆయాసంతో వచ్చిన వారికి ఆయన ఎన్నోసార్లు ఇచ్చి ఉంటారు. కాబట్టి ఇద్దరిలో ఎవరి మాట వినాలన్న లెక్క వదిలేసి, ఇద్దరి మాటా ఒకటయ్యేలా చూడండి.

మీ ముందు ఉన్న దారులు చూద్దాం. మొదటిది, రెండు నెలల తర్వాత విజయవాడ వెళ్లేదాకా 25తోనే నెట్టుకురావడం. ఇంట్లో గొడవ ఉండదు, ఖర్చు ఉండదు. కానీ థైరాక్సిన్ లోటు వారాల తరబడి పేరుకునే లోటు. ఏడు వారాలకే ఇలా ఉంటే పదిహేను వారాలకు ఇంకా చతికిలబడతారు. ఆ చలికాలంలో ఏ ఇన్‌ఫెక్షనైనా వస్తే తట్టుకోవడం కష్టం. నేనైతే ఈ దారి వద్దంటాను.

రెండోది, ఎవరికీ చెప్పకుండా సీసాలో మిగిలిన 100 మైక్రోగ్రాముల మాత్రలు వేసుకోవడం. అందులోని ముప్పు చెప్పాను. హైడ్రోకార్టిసోన్ పూర్తిగా వేసుకుంటూ పెంచితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది, నిజమే. అప్పుడైనా మీ ఫైలులో ఒక మోతాదు, ఒంట్లో ఒక మోతాదు ఉంటాయి. ఊరి డాక్టరు గారు 25 అనుకుని వచ్చే నెల మళ్లీ టీఎస్‌హెచ్ చేయిస్తారు, అది 0.03 అని వస్తుంది, 25 కూడా ఆపేయమంటారు. అబద్ధం మీద వైద్యం నడవదు.

మూడోది, నాకు నచ్చినది. విజయవాడ డాక్టరు గారి ఆసుపత్రికి ఫోను చేసి, లేదా రిపోర్టుల ఫొటోలు పంపి, ఫోనులోనో వీడియోలోనో మాట్లాడే సమయం తీసుకోండి. చాలా ఆసుపత్రుల్లో ఇప్పుడు ఆ వీలుంది, ఒక రోజు కూలి మిగులుతుంది. మధ్యాహ్నం మాత్ర మానేసిన సంగతి మొదట చెప్పండి, దాచవద్దు. థైరాక్సిన్ ఎంత, ఎన్ని రోజుల్లో పెంచాలో వారు నిర్ణయిస్తారు. మీరు చిన్నవారు, గుండె జబ్బు లేదు కాబట్టి మరీ నత్తనడక అవసరపడకపోవచ్చు. మీ ఊరి డాక్టరు గారికి ఇవ్వడానికి ఒక చీటీ రాసి పంపమని అడగండి. స్పెషలిస్టులు తీరిక లేని మనుషులు, చీటీ ఎలా ఉండాలో మీరే చెబితే పని త్వరగా అవుతుంది. దాదాపు ఇలా ఉంటే చాలు:

“ఈమెకు షీహన్ సిండ్రోమ్ వల్ల పిట్యూటరీ పనిచేయడం లేదు. టీఎస్‌హెచ్ ఆధారంగా థైరాక్సిన్ మోతాదు మార్చవద్దు. ఫ్రీ టీ4 మాత్రమే చూడాలి, పరిధిలోని పైసగంలో ఉండాలి. చికిత్సలో టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉండటం సహజం. హైడ్రోకార్టిసోన్ ఎప్పుడూ ఆపకూడదు. జ్వరం వస్తే రెట్టింపు, వాంతులైతే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజక్షన్, సెలైన్. ఏ ఆపరేషన్‌కైనా ముందు స్టెరాయిడ్ ఇవ్వాలి.”

ఇది మీ డాక్టరు గారి చేతికి ఇచ్చేటప్పుడు మీ వారిని వెంట తీసుకువెళ్లండి. “మీరు తగ్గించింది తప్పని చెప్పడానికి రాలేదు, విజయవాడ వారు మీకు ఇమ్మన్నారు, రాత్రిపూట ఏమైనా అయితే మీరే దిక్కు” అని మీ వారే అంటే ఇంకా బాగుంటుంది. అది ముఖస్తుతి కాదు, ఉన్న మాటే. ఇరవై ఏళ్లుగా ఊళ్లో వైద్యం చేస్తున్న మనిషి తోటి డాక్టరు రాసిన కాగితాన్ని ఒక్కసారైనా చదువుతారు. అదే మాట మీ నోటి వెంట వస్తే “ఫోనులో చూసి చెబుతున్నావా” అంటారు. చీటీ చూసిన తర్వాత కూడా ఒప్పుకోకపోతే? అప్పుడు థైరాక్సిన్, హైడ్రోకార్టిసోన్ రెండూ స్పెషలిస్టు చేతిలోనే ఉంచి, దగ్గులకూ జ్వరాలకూ మాత్రం ఈయన దగ్గరికి వెళ్లండి. మర్యాద చెడదు, మీ మోతాదూ చెడదు. విజయవాడ ఖర్చు భారమైతే హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, తిరుపతిలో స్విమ్స్, విశాఖలో కేజీహెచ్ ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నవే. దూరం మాత్రం ఇంకా ఎక్కువ.

ఆ చీటీని జిరాక్సు తీసి ఒకటి పర్సులో, ఒకటి ఇంటి బీరువా తలుపుకు పెట్టుకోండి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102 దాటితే మూడింతలు, తగ్గిన తర్వాత మామూలు మోతాదు. ఇవి సాధారణంగా చెప్పే లెక్కలు, మీకు ఎంతో మీ స్పెషలిస్టుతో రాయించుకోండి. మాత్ర వేసుకున్న అరగంటలోపే వాంతైతే మరోటి వేసుకోవాలి. అదీ పోతే ఆలోచించకుండా ఇంజక్షన్‌కు పరుగెత్తాలి. మీ వారికి, కాస్త పెద్దదైతే మీ పాపకు కూడా, ఈ సంగతి తెలిసి ఉండాలి.

పరీక్ష చేయించుకునే తీరు కూడా చెప్పాలి. మోతాదు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఫ్రీ టీ4 చేయించండి. అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు, ఎందుకంటే థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఆ రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి, తర్వాత వేసుకోండి. వేసుకుని వెళితే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. హైడ్రోకార్టిసోన్ మాత్రం యథావిధిగా వేసుకునే వెళ్లండి. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌కు వెళ్లండి.

మీ వదిన గారిచ్చిన జుట్టు మాత్రల డబ్బా మీద బయోటిన్ (ఒక విటమిన్) అని ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని ల్యాబ్‌ల యంత్రాలు తప్పుదారి పడతాయి. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఫ్రీ టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తాయి. అంటే మీకు నిజంగా మాత్ర చాలకపోయినా రిపోర్టు ఎక్కువైందని చెప్పవచ్చు. మీ 1.3 ఆ మాత్రలు మొదలుపెట్టకముందు వచ్చిన అంకె కాబట్టి దాన్ని నమ్మవచ్చు. రాబోయే పరీక్షకు మూడు రోజుల ముందే వాటిని ఆపండి. అసలు థైరాక్సిన్ సరిపడితే జుట్టు రాలడం దానంతటదే తగ్గవచ్చు, ఆ డబ్బా అక్కర్లేకపోవచ్చు.

మీరు ఐరన్, కాల్షియం మాత్రలు ఉదయం అన్నీ కలిపి మింగుతున్నట్టు రాశారు. థైరాక్సిన్‌కూ వాటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దాన్ని పేగుల్లోనే పట్టి ఉంచేస్తాయి. లేవగానే మంచినీళ్లతో థైరాక్సిన్, అరగంటో గంటో తర్వాత కాఫీ, మధ్యాహ్న భోజనం తర్వాత కాల్షియం. సీసా పొయ్యి పక్కన అరలో పెట్టవద్దు, వేడికీ తేమకీ మాత్ర చెడుతుంది. థైరాక్సిన్ ఒక రోజు మరచిపోతే కొంప మునగదు. హైడ్రోకార్టిసోన్ ఒక పూట మరచిపోతే మాత్రం గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి.

అత్తగారి మాటల గురించి ఒక్క ముక్క. మీది ఒళ్లు వంగకపోవడం కాదు, జబ్బు. గర్భిణిగా ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెద్దదవుతుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే దానికి రక్తప్రసారం చాలక చచ్చుబడుతుంది. 1937లో బ్రిటన్‌కు చెందిన హెరాల్డ్ షీహన్ అనే పాథాలజిస్టు దీన్ని వివరించారు, ఆయన పేరే స్థిరపడింది. ఇళ్లలో కాన్పులు ఎక్కువగా జరిగే చోట్ల ఇది అరుదు కాదు. కశ్మీర్ లోయలో చేసి 2005లో వెలువరించిన ఒక అధ్యయనం బిడ్డల్ని కన్న, 20 ఏళ్లు దాటిన స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా వేసింది. పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం రెండూ మొదటి ఏడాదే కనిపించే గుర్తులు. మీరు గీత గీసిన ప్రశ్న అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే ఎనిమిదేళ్లు కలిసొచ్చేవి. ఈ పేరా మీ అత్తగారికి చదివి వినిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. వినిపిస్తే మీ వారు చదివితేనే మేలు.

మరో బిడ్డ గురించి. అవకాశం ఉంది. మీ అండాశయాలు, గర్భసంచి చెడిపోలేదు, వాటికి పని చెప్పే హార్మోన్లు రావడం లేదు. ఆ హార్మోన్లను ఇంజక్షన్లుగా ఇచ్చి అండం విడుదలయ్యేలా చేస్తారు. ఖర్చుతో కూడిన పని, ప్రతిసారీ ఫలించదు, 34 ఏళ్ల వయసులో మరీ వాయిదా వేసేదీ కాదు. కానీ ఇప్పుడున్న స్థితిలో, రెండు మాత్రలూ చాలక, గర్భం గురించి ఆలోచించడం తొందరపాటు. ముందు ఫ్రీ టీ4 కుదుటపడాలి. గర్భం వచ్చిన తర్వాత థైరాక్సిన్ అవసరం సాధారణంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది. దాన్ని నాలుగు నుంచి ఆరు వారాలకోసారి టీ4తోనే చూడాలి. గైనకాలజీ విభాగాల్లో టీఎస్‌హెచ్ చూసి మోతాదు మార్చడం రివాజు, కాబట్టి మీ చీటీ అక్కడ మరింత అవసరం. నొప్పులు మొదలవగానే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్లు ఇవ్వాలి.

ఇప్పట్లో బిడ్డ వద్దనుకుంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ గురించి ఎండోక్రైనాలజిస్టును అడగండి. తొమ్మిదేళ్లుగా నెలసరి లేని మనిషి ఎముకలకు అవి అవసరం. మీ వదిన గారు స్టెరాయిడ్‌కు అంటగట్టిన నష్టం నిజానికి ఈ లోటు వల్ల జరిగే ప్రమాదమే ఎక్కువ. ఈస్ట్రోజెన్ మాత్రలు నోటి ద్వారా వేసుకుంటే థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది. మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఫ్రీ టీ4 మళ్లీ చూడాలని గుర్తు చేయండి.

బిడ్డ కావాలనుకుంటే కాన్పు ఎక్కడన్నది గర్భం రాకముందే తేల్చుకోండి. ఒకసారి మాయ సరిగా పడక రక్తస్రావమైన వారికి మళ్లీ అయ్యే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఎండోక్రైనాలజిస్టు, బ్లడ్ బ్యాంకు రెండూ ఉన్న ఆసుపత్రే కావాలి. అది విజయవాడా, గుంటూరా, ఇంకో చోటా అన్నది చివరి రెండు నెలలు మిమ్మల్ని పక్కన ఉండి చూసుకోగలిగిన వారు ఎక్కడున్నారో చూసి నిర్ణయించుకోండి.